గూడు చిరునామా ఎవరికీ చెప్పకు తల్లీ

అమ్మాయీ,

మీ ఊళ్ళో పిట్టల్ని చూసేవాళ్ళ బృందాన్ని ఇకమీదట నువ్వు చూసుకోబోతున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువుగట్టుకు రావడానికి నలుగురు దొరకడమే గగనంగా ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు వందలమంది ఫోన్లోనే ఒకచోట చేరి చూసినవీ తీసినవీ పంచుకుంటున్నారు. అంతమంది మాటను దారిలో పెట్టడం తేలికైన పని కాదు. అందుకే పెదనాన్నగా నాలుగు మాటలు రాస్తున్నాను. తీరిగ్గా చదువు. నచ్చనిచోట నాతో వాదించు.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకో. ఆ బృందంలో నోరున్నవాళ్ళ గురించి నువ్వు బెంగపడక్కర్లేదు. వాళ్ళ మాట ఎలాగూ వినబడుతుంది. నువ్వు కాపలా కాయవలసింది ఇద్దరికి. ఒకటి పిట్ట. అందరూ మాట్లాడుకునేది దాని గురించే, దాని తరఫున మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ. రెండు, నిన్నగాక మొన్న చేరి, ఏమడిగితే ఎవరేమనుకుంటారోనని నోరు మెదపని కొత్తవాడు. నువ్వు పెట్టే ఏ నియమమైనా ఈ ఇద్దరిలో ఒకరికైనా పనికొస్తుందా అని చూసుకో. రానిదైతే వదిలెయ్.

పిట్టతో మొదలుపెడతాను. గూళ్ళు కట్టే కాలం వచ్చిందంటే ఎవరో ఒకరు గూటి ఫొటో పెడతారు. నోళ్ళు తెరుచుకున్న పిల్లలు, పురుగు తెచ్చిన తల్లి, వెనక ఆకుపచ్చని వెలుగు. చూడముచ్చటగానే ఉంటుంది. కింద ముప్పైమంది ఆహా అంటారు. ఇద్దరు ముగ్గురు ఎక్కడా అని అడుగుతారు. మరుసటి ఆదివారానికి ఆ చెట్టు కింద పదిమంది ఉంటారు. ఒకడు అడ్డొచ్చిన కొమ్మను పక్కకు లాగి కడతాడు, ఇంకొకడు నాలుగాకులు తుంచుతాడు. ఆ ఆకులే అంతవరకూ గూటిని ఎండనుంచీ కాకి కంటినుంచీ కాచిన తెర. కాకులు తెలివైనవమ్మా. మనుషులు పదేపదే ఎటు పోతున్నారో కనిపెడతాయి.

తీతువు సంగతి చూడు. అది చెట్టుమీద గూడు కట్టదు. బయలు నేలమీద, రాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. నడివేసవి ఎండలో తల్లి గుడ్లమీద నిలబడి నీడనిస్తుంది. నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది కూడా. మనం కెమెరా పట్టుకుని అక్కడ అరగంట నిలబడితే అది పైన చుట్టూ తిరుగుతూ అరుస్తుంది. చూసేవాడికి అది మంచి ఫొటో. కింద గుడ్లు ఎండకు మాడుతుంటాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు చెప్పిన అర్థంలో అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్ళను కదిలించి అలజడి పెట్టడం కూడా ఉన్నాయి. ఈ మాట బెదిరింపుగా వాడకు. కొత్తవాళ్ళలో చాలామందికి తెలియదు కాబట్టి చేరిన రోజే మెత్తగా చెప్పు. నియమం మాత్రం గట్టిగా ఉండాలి: గూళ్ళు, గుడ్లు, రెక్కలు రాని పిల్లల ఫొటోలు బృందంలో పెట్టకూడదు. ఉప్పలపాడు, నేలపట్టు లాంటి పక్షుల స్థావరాలు వేరే సంగతి. అక్కడ గూడబాతులూ కొంగలూ నీళ్ళలోని చెట్లమీద గుంపులుగా గూళ్ళు పెడతాయి. మనం దూరంగా, మనకు కేటాయించిన చోటునుంచే చూస్తాం. ఉప్పలపాడు ఊరివాళ్ళు ఆ చెరువులను తమవిగా కాపాడుకుంటూ వస్తున్నారు. అలాంటిచోట తీసిన ఫొటోకు అభ్యంతరం లేదు. అయితే వాటిమీద డ్రోను ఎగరేసి తీసిన వీడియో ఎంత అందంగా ఉన్నా ఉండనివ్వకు. తల్లులన్నీ ఒక్కసారిగా లేచిపోతే గద్దలకూ కాకులకూ అదే అదను. భయపడ్డ పిల్లలు గూళ్ళనుంచి జారి నీళ్ళలో పడతాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. బృందం నడిపేవాళ్ళు తీసేసినదానికన్నా మెచ్చుకున్నదే జనానికి ఎక్కువ నేర్పుతుంది. గూటి ఫొటోకు ముప్పై మెచ్చుకోళ్ళు వచ్చి, చెట్టు చివర అరకొరగా కనబడ్డ వలసపిట్టను గుర్తుపట్టి తేదీ, వేళ, చోటు, ఎన్ని ఉన్నాయో రాసినవాడికి ఒక్క పలకరింపూ రాలేదనుకో, ఆ బృందం నెమ్మదిగా ఎటు పోతుందో నేను చెప్పనక్కర్లేదు. నువ్వు రోజూ రెండు నిమిషాలు ఆ రెండోవాడి కోసం ఖర్చుపెట్టు. ఫొటో మసగ్గా ఉన్నా సరే, “ఎంత బాగా గమనించావు, అది తోక ఆడించిన తీరు రాశావు చూడు, దానివల్లే తేలింది” అని అందరిముందూ రాయి. పది తొలగింపులు చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది.

చోటు చెప్పడం గురించి. మన కలివికోడి కథ నీకు తెలుసు, అయినా మళ్ళీ గుర్తుచేస్తాను. 1848లో శాస్త్రలోకానికి తెలిసింది ఆ పిట్ట. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ పేరే దానికి ఇంగ్లీషులో పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మా కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతూ వచ్చిన భరత్ భూషణ్‌కు దాన్ని చూపించింది ఐతన్న అనే స్థానికుడు, పిట్టలు పట్టడంలో ఆరితేరినవాడు. రాత్రిపూట దీపం వెలుగులో పట్టాడు. ఆ పిట్ట కోసమే అక్కడి పొదలడవిని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం చేశారు. తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా దాని కోసం మార్చవలసి వచ్చింది.

ఈ కథలోంచి నీకు రెండు విషయాలు కావాలి. మొదటిది: అంత అరుదైన పిట్ట తిరిగే చోటు పదిమందికి తెలిస్తే, ఆ పదిమందీ మంచివాళ్ళే అయినా, రాత్రిళ్ళు టార్చిలైట్లతో ఆ పొదలు తొక్కుతారు. కాబట్టి అరుదైనవాటికి జిల్లా పేరు చాలు. గుడ్లగూబలకూ, పగలు ఒకే కొమ్మమీద నిద్రపోయే పిట్టలన్నింటికీ అంతే. చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ వేదికలో కూడా ప్రమాదంలో ఉన్న కొన్ని జాతులకు కచ్చితమైన చోటు బయటికి కనబడకుండా దాచే ఏర్పాటు ఉంది. ఎవరైనా తెలియక మ్యాప్ గుర్తుతో సహా పెడితే వెంటనే తీసెయ్. తీసేసిన నిమిషంలోనే ఆ మనిషికి ఫోన్ చేసి ఎందుకు తీశావో చెప్పు. కారణం చెప్పకుండా తీసేస్తే అవమానం అనుకుంటాడు. చెప్తే రేపటినుంచి నీతోపాటు కాపలా కాస్తాడు.

రెండో విషయం ఐతన్నది. పెద్ద పెద్ద పుస్తకాలు చదివినవాళ్ళకు దొరకని పిట్ట ఆయనకు తెలుసు. మీ బృందంలోకి కూడా ఒక రైతో, గొర్రెల కాపరో, చేపలు పట్టే అబ్బాయో వస్తాడు. కంజు అంటాడు, కౌజు అంటాడు, బెళ్ళగువ్వ అంటాడు. ఆ మాటలు విని ఇంగ్లీషు పేరు రాయమని, శాస్త్రీయనామం కావాలని ఎవరైనా గదమాయిస్తే ఊరుకోకు. ఆ పేరు నువ్వు పక్కన చేర్చు, సరిపోతుంది. ఆయన ఫొటో పెట్టలేకపోతే గొంతుతో చెప్పమను. ఏ నెలలో వస్తుంది, ఏ పైరులో దిగుతుంది, ఎప్పుడు కూత మారుతుంది అన్నవి ఆయన దగ్గరున్నంతగా మన దగ్గర లేవు.

ఇక కూతల సంగతి. ఫోన్లో పిట్ట కూత వినిపించి దాన్ని బయటికి రప్పించడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది తిండి మానేసి, గూడు వదిలేసి పోట్లాటకు వస్తుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా నాలుగు గుంపులు వచ్చి అదే పని చేస్తే ఆ పిట్ట బతుకేం కావాలి? పరిశోధకులు లెక్క కోసం, అనుమతితో చేసేది వేరు. మీ నడకల్లో అది వద్దని చెప్పు. కూత వినిపించి తీసినవని తెలిసిన ఫొటోలు కూడా వద్దు.

ఇప్పుడు కొత్తవాడి దగ్గరికి వస్తాను. నా మనసు ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో పిచ్చుకల్ని కొట్టేవాడు. ఒకరోజు కొట్టినదాని గొంతుమీద పసుపు మచ్చ కనబడింది. మామూలు పిచ్చుక కాదని తోచి, మేనమామ ఇచ్చిన పరిచయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకెళ్ళాడు. 1908 ప్రాంతం మాట, పన్నెండేళ్ళ వయసు. అంత పెద్ద సంస్థ, లోపల తెల్లదొర, చేతిలో చచ్చిన పిట్ట. ఎంత బెదిరి ఉంటాడో చూడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ ఆ పిల్లాణ్ణి కసరలేదు. పిట్ట పేరు చెప్పాడు, సొరుగులు తెరిచి భద్రపరచిన పక్షులన్నీ చూపించాడు, చదువుకోమని పుస్తకాలిచ్చాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక రాయగా 1941లో వచ్చిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ ఈ దేశంలో ఎన్ని తరాలకు కళ్ళు తెరిపించిందో నీకు తెలుసు. ఆ పిల్లాడు పుస్తకం రాయగలిగినవాడయ్యాడంటే ఆ మధ్యాహ్నం మిల్లర్డ్ మాట్లాడిన తీరుకు అందులో వాటా ఉంది.

మీ బృందంలో ఎవరైనా ఒక తెల్లకొంగ ఫొటో పెట్టి “ఇదేం పిట్టండీ” అంటే, “గూగుల్లో వెతకరాదా” అనే జవాబు రాకూడదు. వచ్చిందా, నువ్వు వెంటనే దాని కింద అసలు జవాబు రాయి. తెల్లకొంగల్లో చిన్నది, మధ్యరకం, పెద్దది అని రకాలున్నాయని చెప్పు. ముక్కు నల్లగా ఉండి, నల్లని కాళ్ళకు పసుపు వేళ్ళుంటే చిన్నది. మిగతా రెండింటికీ నోటి చీలిక గీత చూడాలి: కంటి కిందికి వచ్చి ఆగిపోతే మధ్యరకం, కన్ను దాటి వెనక్కి పోతే పెద్దది. “మీ ఫొటోలో గీత కనబడటంలేదు, పక్కనుంచి తీసింది ఇంకొకటి ఉందా” అని అడుగు. అలా అడిగితే ఆ మనిషి రేపు మళ్ళీ చెరువుకు పోతాడు. అంతకన్నా కావలసిందేముంది?

తప్పుగా గుర్తుపట్టినవాళ్ళతో ఇంకొంచెం జాగ్రత్త. డేగ వేషం వేసుకున్నట్టుండే కోకిల జాతి పిట్ట ఒకటుంది కదా, దాన్ని షిక్రా డేగ అనుకోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా జరిగేదే. “కాదు, తప్పు” అని రాసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియలేదు. ముక్కు కొనను చూడండి, డేగ ముక్కులా గట్టిగా వంగిలేదు, కాలిగోళ్ళూ మాంసం చీల్చేవాటిలా లేవు అని కారణం రాస్తే చదివిన వందమందీ నేర్చుకుంటారు. ఈబర్డ్‌లో అసాధారణమైన నమోదు కనబడినప్పుడు దాన్ని పరిశీలించే స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పిట్టను ఎలా గుర్తుపట్టారో వివరాలు అడుగుతారు. నీ బృందంలో కూడా ముందు ప్రశ్న రావాలి, తీర్పు తర్వాత.

తేలనిది తేలలేదనే ఉండనివ్వు. ఇద్దరు అనుభవజ్ఞులు ఎత్తున తిరుగుతున్న ఒక గద్దగురించి రెండు రోజులు వాదించుకుని మూడోరోజు వ్యక్తిగతానికి దిగుతారు. ఆ దశ రాకముందే నువ్వు కలగజేసుకో. ఇద్దరి కారణాలూ ఒక్కచోట చేర్చి, ఉన్న ఫొటోతో ఇంతకుమించి చెప్పలేమని రాసి ఆ చర్చ ముగించు. పిట్టల లెక్కల్లో ఫలానా లేదా ఫలానా అని రాసుకునే వీలు ఉండనే ఉంది. పెద్దవాళ్ళు కదా, ఎలా చెప్పడం అని సంకోచించకు. గౌరవంగా, అండీ అనే చెప్పు. చెప్పడం మాత్రం మానకు. వయసును బట్టి ఒకరికి మినహాయింపు ఇచ్చావంటే, ఆ మాట కొత్తవాళ్ళు నీకన్నా ముందే గమనిస్తారు.

దసరా వస్తోంది కాబట్టి పాలపిట్ట మాట. పండగనాడు పాలపిట్టను చూడటం శుభమని మనవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని పిట్టల్ని ముందే పట్టి, రెక్కలు కట్టి, పంజరాల్లో గుళ్ళ దగ్గరికి తెచ్చి డబ్బులకు చూపిస్తారు. అలా పట్టినవి చాలావరకు బతికి బట్టకట్టవు. మీ బృందంలో ఎవరో ఒకామె భక్తితోనే ఆ పంజరం ఫొటో పెట్టి అందరికీ శుభాకాంక్షలు చెబుతుంది. వెంటనే నలుగురు ఆమెమీద పడిపోతారు. ఇది నువ్వు ముందే ఊహించుకో. ఫొటో తీసెయ్. ఆమెకు విడిగా ఫోన్ చేసి, పండగ పలకరింపు పలకరించి, ఆ పిట్టకు ఏం జరిగి ఉంటుందో చెప్పు. బృందంలో పేరెత్తకుండా ఒక మాట రాయి: పాలపిట్టను పట్టడం నేరం, పంజరంలో చూపిస్తుంటే అటవీశాఖకు తెలియజేయండి. ఊరు దాటి పొలాల వెంట కరెంటు తీగలు చూసుకుంటూ నడిస్తే పండగనాడు దానంతటదే కనబడుతుంది. వీలైతే ఆ పొద్దున ఒక నడక నువ్వే ఏర్పాటు చెయ్. పంజరం ఫొటో పెట్టినామెను మొదట పిలువు.

మెత్తదనం పనికిరాని చోటు ఒకటుంది. బృందంలోంచి ఆడపిల్ల నంబరు తీసుకుని విడిగా సందేశాలు పంపేవాడు. మొదట పిట్ట ఫొటో బాగుందంటాడు, తర్వాత ఎక్కడుంటావంటాడు, తర్వాత రేపు పొద్దున్న ఒక్కదానివే వస్తావా అంటాడు. ఎవరైనా అమ్మాయి ఆ మాట నీకు చెప్పిందంటే చాలా ధైర్యం తెచ్చుకుని చెప్పి ఉంటుంది. ఆమెను సాక్ష్యాలంటూ పదిమంది ముందు నిలబెట్టకు. సందేశాలు చూడు, వాణ్ణి అదేరోజు తీసెయ్, ఎంత పేరున్న ఫొటోగ్రాఫరైనా సరే. నడకలకు కూడా రానివ్వకు. తెల్లవారుజామున నిర్మానుష్యమైన చెరువుగట్లమీద తిరిగే సరదా మనది. ఆడవాళ్ళు భయం లేకుండా రాలేని బృందం ఉండీ లేనట్టే. ఎవరూ తాము ఒంటరిగా ఉన్న చోటును అప్పటికప్పుడు పెట్టవద్దని, ఇంటికి చేరాక పెట్టమని అందరికీ చెప్పు.

మిగతావి చిన్నవే. శుభోదయాలు, రాజకీయాలు, పెళ్ళి పత్రికలు, అమ్మకాలు అక్కడ వద్దని మొదటిరోజే రాసిపెడితే ముప్పావు వంతు సర్దుకుంటుంది. రాత్రి పది తర్వాత ఏమీ పెట్టవద్దను. ఎక్కడినుంచో వచ్చిన ఫొటో పెడితే తీసినవారి పేరు, తేదీ, చోటు అడుగు. ఈమధ్య యంత్రం గీసిన పిట్టలు కూడా తిరుగుతున్నాయి, లోకంలో లేని రంగులతో. పిల్లలు వాటిని నిజమనుకుని వెతుకుతారు. అలాంటివి ఉండనివ్వకు.

ఒక్కదానివే ఇదంతా మొయ్యవద్దు. ఇద్దర్ని తోడు పెట్టుకో. ఒకరు నీకన్నా పిట్టలు బాగా తెలిసినవారు, ఒకరు నీకన్నా ఓర్పున్నవారు. ఎవరినైనా తీసెయ్యాలంటే ముగ్గురూ మాట్లాడుకునే చెయ్యండి, ఇందాక చెప్పిన అమ్మాయిల విషయం తప్ప. కోపంలో ఏమీ రాయకు. ఫోన్ పక్కన పెట్టి అన్నం తినొచ్చి రాయి. తీసేసినవాడు ఆరు నెలల తర్వాత తప్పు తెలుసుకుని వస్తే చేర్చుకో. గూటి ఫొటోలతో మొదలుపెట్టి ఇప్పుడు గూళ్ళకు కాపలా ఉండేవాళ్ళను నేను ఎరుగుదును.

నవంబరు 12 సలీం అలీ పుట్టినరోజు. ఈసారి ఆరోజు మీరు ఉప్పలపాడు వెళుతున్నారని మీ నాన్న చెప్పాడు. నియమాలు అక్కడే అందరికీ చదివి వినిపించు. తెలుగులో రాయి, ఒక పేజీ దాటనివ్వకు, ప్రతి నియమం పక్కనా కారణం రాయి. రాశాక ఒకసారి నాకు పంపు, చూసి పెడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న